ఒకే ఒరలో పలు కత్తులు: బహుళజాతి శాంతి దళానికి ఉమ్మడి కమాండ్ కుదుర్చుకునే విధానం

1999 జూన్ 12 తెల్లవారుజామున సుమారు 200 మంది రష్యా సైనికులు బోస్నియా నుంచి బయలుదేరి, సెర్బియా మీదుగా కొసావోలోని ప్రిష్టినా విమానాశ్రయానికి చేరుకున్నారు. బోస్నియాలో వారు నాటో నడిపిస్తున్న ఎస్‌ఫోర్ అనే బహుళజాతి శాంతి దళంలో భాగం. దారిలో తమ వాహనాల మీది ఎస్ అక్షరాన్ని చెరిపి కె అని రాసుకున్నారు. నాటో నాయకత్వంలో కొసావోలోకి అడుగుపెట్టబోతున్న కొత్త శాంతి దళం పేరు కేఫోర్. రష్యా ఇంకా బలగాలను విమానాల్లో దించుతుందేమోనన్న అనుమానంతో, నాటో ఐరోపా సర్వసేనానిగా ఉన్న అమెరికా జనరల్ వెస్లీ క్లార్క్ ఆ రన్‌వేలను దిగ్బంధం చేయాలని కేఫోర్ కమాండర్, బ్రిటన్‌కు చెందిన లెఫ్టినెంట్ జనరల్ మైక్ జాక్సన్‌ను ఆదేశించారు. జాక్సన్ ఒప్పుకోలేదు. లండన్‌లో తమ రక్షణ దళాల అధిపతి చార్లెస్ గుత్రీతో మాట్లాడారు. గుత్రీ వాషింగ్టన్‌తో మాట్లాడారు. ఆదేశం అమలు కాకుండానే ఆగిపోయింది.

హోదాలో కింద ఉన్న అధికారి పైవాడి ఆజ్ఞను కాదనడం సొంత సైన్యంలోనైతే కోర్టు మార్షల్‌కు దారితీసేది. బహుళజాతి దళంలో అది ఏర్పాటులోనే ఇమిడి ఉన్న సంగతి. ఇలాంటి దళానికి ఉమ్మడి కమాండ్ ఏర్పాటును కాగితం మీద పెట్టవలసిన వారికి, అంటే రక్షణ అధ్యయనాల విద్యార్థులకు, సైనికాధికారుల స్టాఫ్ కళాశాల అభ్యాసాల్లో ముసాయిదాలు రాసేవారికి, ఐక్యరాజ్య సమితిని అనుకరించే మోడల్ యుఎన్ విద్యార్థి సభల్లో తీర్మానాలు తయారుచేసేవారికి పనికివచ్చే క్రమాన్ని కింద వివరిస్తున్నాను. ఈ పనిలో సగం శ్రమ ‘ఎవరు ఆజ్ఞాపిస్తారు’ అన్న ప్రశ్నకే పోతుంది గానీ, నిజంగా తేల్చుకోవలసింది ‘ఎవరు, ఏ విషయంలో, ఎంతసేపట్లో కాదనగలరు’ అన్న ప్రశ్న అని నా అభిప్రాయం.

ఇచ్చేది ఎంత, అట్టిపెట్టుకునేది ఎంత

మొదట ఒప్పుకోవలసిన నిజం ఒకటి ఉంది. ఏ సార్వభౌమ దేశమూ తన సైనికుల మీద పూర్తి కమాండ్‌ను మరొకరికి ధారాదత్తం చేయదు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో డిప్యుటేషన్ మీద వచ్చిన ఉద్యోగిని గుర్తు చేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. రోజువారీ పని కొత్త శాఖ చెబుతుంది. సర్వీసు రిజిస్టరు, పదోన్నతి, క్రమశిక్షణ చర్య మాత్రం మాతృశాఖ చేతిలోనే ఉంటాయి, అవసరమైతే అది మనిషిని వెనక్కి పిలిపించుకుంటుంది. శాంతి దళానికి వచ్చిన బెటాలియన్ పరిస్థితి కూడా అంతే. ఐక్యరాజ్య సమితి దళంలోనైనా సైనికుడి నేరానికి శిక్ష వేసే అధికారం అతన్ని పంపిన దేశానిదే.

కాబట్టి ముసాయిదాలో ‘కమాండ్’ అన్న మాటను ఒంటరిగా వాడకూడదు. నాటో సైన్యాల పరిభాషలో దానికి మెట్లు ఉన్నాయి, వాటి మధ్య తేడా చిన్నది కాదు. ఆపరేషనల్ కమాండ్ ఉన్న కమాండర్ బలగానికి కొత్త పని అప్పగించగలడు, దాన్ని విడదీసి వేరువేరు చోట్ల వాడగలడు. ఆపరేషనల్ కంట్రోల్ మాత్రమే ఉంటే, ముందుగా ఒప్పుకున్న పనికి, ఒప్పుకున్న ప్రాంతంలో, ఒప్పుకున్న కాలం మేరకు నడిపించగలడు. బెటాలియన్‌లోని ఒక కంపెనీని, అంటే దానిలోని ఒక ఉప విభాగాన్ని, ఊడబెరికి పక్క సెక్టారుకు (మరో బలగానికి అప్పగించిన ప్రాంతానికి) పంపే హక్కు మామూలుగా అతనికి ఉండదు. టాక్టికల్ కంట్రోల్ అంతకన్నా చిన్నది: చేతిలో ఉన్న పని పూర్తయ్యేవరకు స్థానికంగా కదలికలను నిర్దేశించడం, అంతే. చాలా దేశాలు ఆపరేషనల్ కంట్రోల్ దగ్గర ఆగిపోతాయి. ప్రతి దేశం ఏ మెట్టు వరకు ఇస్తున్నదో, ఏ తేదీన, ఏ స్థలం దాటాక ఆ అధికారం చేతులు మారుతుందో బదిలీ పత్రంలో రాయించుకోవాలి. ఓడరేవులో దిగిన బలగం శిబిరం చేరకముందే దారిలో దాడికి గురైతే ఆ గంటలో బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఆ పత్రంలో జవాబు దొరకాలి.

గొలుసు ఒక్కటే ఉండాలి

తర్వాత నిర్ణయించవలసింది ఆజ్ఞల గొలుసు ఎక్కడి నుంచి వేలాడుతుందన్నది. ఐక్యరాజ్య సమితి దళమైతే భద్రతా మండలి తీర్మానం, ప్రధాన కార్యదర్శి, మిషన్‌కు అధిపతిగా ఉండే ఆయన ప్రత్యేక ప్రతినిధి, ఆ తర్వాత దళ కమాండర్. ఇక్కడ సైనికాధికారి మీద పౌరాధికారి ఉంటారు. రెండో పద్ధతిలో మండలి అనుమతి మాత్రమే ఇస్తుంది, నడిపించే బాధ్యతను ఒక దేశమో కూటమో తీసుకుంటుంది. 1999 సెప్టెంబరులో తూర్పు తిమోర్‌లో దిగిన ఇంటర్‌ఫెట్ ఈ రెండో రకానికి మంచి నమూనా: నాయకత్వం ఆస్ట్రేలియాది, కమాండర్ మేజర్ జనరల్ పీటర్ కాస్‌గ్రోవ్, ఉప కమాండర్ థాయ్‌లాండ్ అధికారి. మండలి 1264వ తీర్మానం సెప్టెంబరు 15న వచ్చింది, సైనికులు 20న రాజధాని దిలీలో దిగారు. ఇంత వేగం సమితి సొంతంగా సమకూర్చుకునే దళానికి సాధ్యం కాదు. అయితే వేగానికి మూల్యం ఉంది. భారతదేశం సాధారణంగా సమితి పతాకం కింద తప్ప మరొకరి నాయకత్వంలో శాంతి దళాలకు సైనికులను పంపదు. నాయక దేశం పద్ధతిని ఎంచుకున్నవారు అలాంటి దేశాల బెటాలియన్లను ఆశించకూడదు.

ఈ రెండు పద్ధతుల్లో ఏదైనా పనిచేస్తుంది. రెంటినీ కలిపి కుట్టడమే ప్రమాదం. యుద్ధం నడుస్తున్న బోస్నియాలో 1993 నుంచి సమితి దళం నేల మీద ఉండేది, నాటో విమానాలు ఆకాశంలో ఉండేవి, బాంబు వేయాలంటే ఇద్దరూ సరే అనాలి. బ్యాంకు లాకరులో ఖాతాదారు తాళంచెవి ఒకటి, బ్యాంకు తాళంచెవి ఒకటి రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకున్నట్టు. దొంగతనం జరగకుండా చూడడానికి లాకరు పద్ధతి భేషైనది. ఇల్లు తగలబడుతుంటే పనికిరాదు. 1995 జులైలో బోస్నియా సెర్బు సైన్యం ముట్టడించిన స్రెబ్రెనికా పట్టణంలో, సమితి దళానికి చెందిన డచ్ బెటాలియన్ విమాన సహాయం కోసం మళ్లీ మళ్లీ అడిగింది. 11వ తేదీ మధ్యాహ్నం రెండు విమానాలు బాంబులు వేసేసరికి పట్టణం చేజారిపోయింది. తర్వాతి రోజుల్లో వేలాది ముస్లిం పురుషులనూ బాలురనూ బోస్నియా సెర్బు సైన్యం చంపింది. ఆ నెలాఖరులోనే సమితి అనుమతి అనే తన తాళంచెవిని పౌర ప్రతినిధి యసూషి అకాషి చేతి నుంచి తీసి, దళ కమాండర్ బెర్నార్ జాన్వియే చేతికిచ్చింది. ఆగస్టు 30న నాటో వైమానిక దాడులు మొదలైనప్పుడు అనుమతి కోసం రోజులు ఆగవలసి రాలేదు. ఉమ్మడి అనుమతి తప్పదనుకున్న చోట ఆ అధికారాన్ని రంగంలో ఉన్న సైనికాధికారికి ముందే అప్పగించాలి, ఆయన అందుబాటులో లేకపోతే ఎవరు నిర్ణయించాలో కూడా రాయాలి.

పదవుల పంపకం, సెక్టార్ల పంపకం

ఉప కమాండర్, ప్రధాన స్టాఫ్ అధికారి, ఆపరేషన్ల విభాగాధిపతి, గూఢచార విభాగాధిపతి: ఈ కుర్చీలకోసం జరిగే బేరం బలగాల సంఖ్యతో ముడిపడి ఉంటుంది, ఉండక తప్పదు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక్క జాగ్రత్త చాలు. కమాండర్ ఒక దేశంవాడైతే ఆపరేషన్ల విభాగం మరో దేశం చేతిలో ఉండవచ్చు గాని, ఆ ఇద్దరి రాజధానుల మధ్య పొరపొచ్చాలు ఉండకూడదు. సియెర్రా లియోన్‌లో 2000లో దీని ఫలితం కళ్లకు కట్టింది. అక్కడి సమితి దళమైన యునామ్‌సిల్‌కు కమాండర్ భారత మేజర్ జనరల్ విజయ్ కుమార్ జెట్లీ. మిషన్ అధిపతి, ఉప కమాండర్ నైజీరియా వారు. సమితి రాకముందు కొన్నేళ్లుగా పశ్చిమ ఆఫ్రికా ప్రాంతీయ దళం పేరిట అక్కడ పోరాడి, సైనికులను పోగొట్టుకున్న దేశం నైజీరియా. నెత్తురు ధారపోసింది మేము, పెత్తనం మరొకరిదా అన్న బాధ వారికి కలగడం సహజం. జెట్లీ రాసిన ఒక రహస్య నోట్‌లో నైజీరియా అధికారుల మీద తీవ్ర ఆరోపణలు ఉన్నాయి, అది పత్రికలకు పొక్కింది, నైజీరియా ఖండించింది. మే నెలలో తిరుగుబాటుదారులు వందలాది శాంతి సైనికులను నిర్బంధించడం, కైలాహున్‌లో చుట్టుముట్టిన గూర్ఖా కంపెనీలను జులైలో ఆపరేషన్ ఖుక్రీతో విడిపించడం మనలో చాలామందికి తెలిసిన కథే. ఆ విజయం తర్వాత రెండు నెలలకే భారతదేశం తన దళాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించిందన్న సంగతి అంతగా గుర్తుండదు. ప్రాంతంలో ముందు నుంచి ఉన్న దేశానికి గౌరవమైన స్థానం ఏదో మొదటి సమావేశంలోనే తేల్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

సెక్టార్ల విషయానికొస్తే, ఒక్కో పెద్ద దేశానికి ఒక్కో ముక్క కోసి ఇవ్వడం అందరికీ నచ్చే దారి. కొసావోను అలాగే అయిదు ముక్కలు చేశారు: మధ్య భాగం బ్రిటన్‌కు, ఉత్తరం ఫ్రాన్స్‌కు, దక్షిణం జర్మనీకి, పడమర ఇటలీకి, తూర్పు అమెరికాకు. సరఫరాలు, భాష, రేడియోలు అన్నీ ఒకే దేశానివి కాబట్టి రోజువారీ పని సాఫీగా సాగుతుంది. ఎటొచ్చీ నాలుగేళ్లు గడిచేసరికి ప్రతి సెక్టారూ ఒక సంస్థానమై కూర్చుంటుంది, ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు. 2004 మార్చి 17, 18 తేదీల్లో కొసావో అంతటా అల్లర్లు చెలరేగి 19 మంది చనిపోయారు. ఒక సెక్టారులోని బలగాలను పక్క సెక్టారుకు పంపడానికీ, కొన్ని దేశాల సైనికులను గుంపుల ముందు నిలబెట్టడానికీ వారి ప్రభుత్వాల షరతులు అడ్డు వచ్చాయి. ప్రిజ్రెన్ పట్టణంలో చర్చీలు కాలిపోయాయి. అందువల్ల సెక్టార్ల పంపకం తప్పనిసరైనప్పుడు, ఏ దేశం సెక్టారుకూ చెందని, కమాండర్ చేతికింద ఎక్కడికైనా వెళ్లగల రిజర్వు బెటాలియన్ ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టాలి.

షరతుల పట్టిక

పైన చెప్పిన షరతులే ఈ వ్యవహారమంతటిలో కీలకం. ప్రతి దేశం తన సైనికులు చేయకూడని పనుల జాబితాతో వస్తుంది. కొన్నిటికి వారి పార్లమెంటు చట్టాలు కారణం, కొన్నిటికి ఆయుధాలూ శిక్షణా లేకపోవడం, కొన్నిటికి వచ్చే ఎన్నికలు. వాటిని తప్పుపట్టి లాభం లేదు. దాచిపెట్టిన షరతే ప్రాణాంతకం. అది బయటపడేది అల్లరిమూక గేటు దగ్గరకు వచ్చిన రాత్రే.

పట్టిక ఎలా తయారుచేయాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక దేశం ప్రతినిధి వచ్చి, “మా కంపెనీ అన్ని పనులకూ సిద్ధమే, జాతీయ చట్టాలకు లోబడి” అంటారు. ఆ చివరి మూడు పదాల దగ్గరే ఆయన్ను ఆపాలి. చీకటి పడ్డాక గస్తీ తిరుగుతారా? మీ శిబిరానికి 60 కిలోమీటర్ల దూరంలో వేరొక దేశం సైనికులు చిక్కుకుంటే వెళ్తారా, వెళ్లడానికి మీ రాజధాని అనుమతి కావాలా, కావాలంటే సెలవు రోజు అర్ధరాత్రి ఆ ఫోన్ ఎత్తేది ఎవరు? గుంపును చెదరగొట్టడానికి లాఠీ, బాష్పవాయువు వాడతారా? వేరొక దేశం హెలికాప్టర్‌లో ఎక్కుతారా? మీ వైద్యుడు ఇతర దేశాల క్షతగాత్రులను చూస్తారా? ఒక్కో ప్రశ్నకు అవును, కాదు, అడిగి చెబుతాం అన్న మూడే జవాబులకు చోటివ్వాలి. మూడో జవాబు ఇచ్చినచోట గంటల సంఖ్య రాయించాలి. ఆ గడులన్నీ నిండాక పటం పరిచి, ‘కాదు’లను స్థలాలతో సరిపోల్చాలి. రాత్రి గస్తీ చేయని కంపెనీకి రాత్రిపూట ఇళ్లు తగలబెట్టే ఊళ్లను అప్పగించామని అప్పుడు తెలుస్తుంది, మార్చుకోవడానికి సమయమూ ఉంటుంది. పట్టికను ఆరు నెలలకొకసారి, బెటాలియన్ మారిన ప్రతిసారీ తిరగరాయాలి.

కాదనే హక్కుకు మర్యాద

జాక్సన్ చేసిన పనిని సైన్యాల వాడుకలో ఎర్ర కార్డు చూపడం అంటారు. ఈ హక్కును తీసివేయాలని ప్రయత్నిస్తే దేశాలు దళంలోకే రావు, కాబట్టి దానికి పద్ధతి ఏర్పరచాలి. ప్రతి దేశానికీ దళ ప్రధాన కార్యాలయంలో ఒక సీనియర్ జాతీయ ప్రతినిధి ఉండాలి. అభ్యంతరం ఆయన ద్వారానే, నేరుగా కమాండర్‌కే, లిఖితపూర్వకంగా రావాలి. ఆదేశంలో ఏ భాగాన్ని కాదంటున్నారో చెప్పాలి. కమాండర్ వెంటనే మరో బలగంతో ఆ పని చేయించుకోవడానికి వీలుండాలి. బెటాలియన్ అధికారి సరేనని తల ఊపి, చాటుగా రాజధానికి ఫోన్ చేసి, ‘వాహనం చెడిపోయింది’ అని ఆలస్యం చేయడం అన్నిటికన్నా చెడ్డ రకం నిరాకరణ. 1993లో సోమాలియాలో ఇటలీ దళం సమితి కమాండ్‌తో సంబంధం లేకుండా స్థానిక వర్గాలతో సొంత చర్చలు జరుపుతున్నదని ఆరోపణలు వచ్చాయి. ఆ దళ కమాండర్ బ్రూనో లోయ్‌ను మార్చమని సమితి కోరింది, రోమ్ నిరాకరించింది. అప్పటికి సంగతి బజారున పడింది.

అహం దెబ్బతినకుండా ఆజ్ఞ ఎలా చేరవేయవచ్చో బోస్నియాలో రష్యాతో కుదిరిన ఏర్పాటు చూపిస్తుంది. 1995 డిసెంబరులో, ఎస్‌ఫోర్‌కు ముందు నాటో నడిపిన ఐఫోర్ దళం సుమారు 60 వేల మందితో వస్తున్నప్పుడు, రష్యా తన బ్రిగేడ్‌ను పంపడానికి సిద్ధపడింది గాని, నాటో కింద పనిచేయడానికి మాస్కో ససేమిరా అన్నది. నాటో సర్వసేనాని అయిన అమెరికా జనరల్ జార్జ్ జౌల్వాన్‌కు రష్యన్ బలగాల విషయంలో సహాయకుడిగా కర్నల్ జనరల్ లియొంతి షెవ్‌త్సోవ్‌ను నియమించారు. బ్రిగేడ్‌కు స్థూలమైన ఆదేశాలు జౌల్వాన్ నుంచి షెవ్‌త్సోవ్ ద్వారా వెళ్లేవి. తూజ్లా కేంద్రంగా ఉన్న ఉత్తర డివిజన్‌లో రోజువారీ టాక్టికల్ కంట్రోల్ మాత్రం అమెరికా డివిజన్ కమాండర్‌ది. కాగితం మీద రష్యా సైనికుడు రష్యా జనరల్ మాటే వింటున్నాడు, నేల మీద అమెరికన్‌తో కలిసి ఒకే చెక్‌పోస్టులో నిలబడుతున్నాడు. పేరు ఒకరికి, పని ఒకరికి దక్కింది. కొసావోకు వచ్చేసరికి ఈ మాటలు ముందే కుదుర్చుకోకపోవడం వల్లనే ఆ తెల్లవారుజామున వాహనాల మీద అక్షరాలు మారాయి. జూన్ 18న హెల్సింకీలో ఒప్పందం కుదిరి, రష్యా సైనికులకు అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ సెక్టార్లలో చోటు దొరికింది. అదే ఒప్పందం వారం ముందు జరిగి ఉండవలసింది.

గొలుసుకు వెలుపలి బృందాలు

ఒకే నగరంలో తమ దళం ఉండగా, మరో బృందం వేరే గొలుసు కింద పనిచేస్తుంటే, దాని సంగతి ముసాయిదాలో రాయకుండా వదలకూడదు. సోమాలియా రాజధాని మొగదిషులో 1993 అక్టోబరు 3న జరిగింది చూడండి. సమితి దళ కమాండర్ టర్కీకి చెందిన లెఫ్టినెంట్ జనరల్ చెవిక్ బిర్. ఆయన ఉప కమాండర్ అమెరికా మేజర్ జనరల్ థామస్ మాంట్‌గోమరీ. ఆయనకే సోమాలియాలోని అమెరికా బలగాల కమాండర్ అన్న రెండో టోపీ, అంటే రెండో పదవి, కూడా ఉండేది. స్థానిక సాయుధ వర్గం నాయకులను పట్టుకోవడానికి దాడికి దిగిన అమెరికా రేంజర్ల బృందం ఈ రెండు టోపీలకూ లోబడి లేదు. దాని మేజర్ జనరల్ గారిసన్ జవాబుదారీ అమెరికాలోని సెంట్రల్ కమాండ్‌కు. మాంట్‌గోమరీకి కబురు అందింది దాడికి కొద్దిసేపటి ముందే. హెలికాప్టర్లు కూలి, రేంజర్లు వీధుల్లో చిక్కుకున్నాక కవచ వాహనాలు అవసరమయ్యాయి. సమితి దళంలో ట్యాంకులు పాకిస్తాన్‌వి, కవచ వాహనాలు మలేసియావి. వాటికి ముందస్తు హెచ్చరిక లేదు, ఉమ్మడి పథకం లేదు.

కొత్త ఓడరేవు దగ్గర, చీకట్లో, ఆ పథకం అప్పటికప్పుడు పుట్టింది. మలేసియా పదాతి సైనికులను తమ వాహనాల నుంచి దిగమన్నారు, డ్రైవర్లూ గన్నర్లూ లోపలే ఉన్నారు, వెనక సీట్లలో అమెరికా సైనికులు ఎక్కారు. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకే భాష రాదు, ఒకే రేడియో లేదు. మధ్యాహ్నం మొదలైన పోరాటానికి రాత్రి 11 దాటాక గాని ఆ కాన్వాయ్ కదలలేదు. తెల్లవారేసరికి చిక్కుకున్నవారిని బయటకు తెచ్చారు. 18 మంది అమెరికన్లు, ఒక మలేసియా సైనికుడు ప్రాణాలు కోల్పోయారు. మలేసియా, పాకిస్తాన్ సైనికుల ధైర్యాన్ని గురించి ఆ తర్వాత చెప్పుకున్నది తక్కువ.

రహస్య బృందాలు తమ పథకాన్ని అందరికీ చెప్పలేవన్నది నిజమే. పథకం చెప్పనక్కరలేదు, ‘ఈ సాయంత్రం 6 గంటల వరకు నాలుగు ట్యాంకులు ఇంజన్లు వేడిగా ఉంచుకోండి’ అని చెబితే చాలు. వేరే గొలుసులోని ప్రతి బృందమూ దళ ఆపరేషన్ల గదిలో ఒక సంధాన అధికారిని 24 గంటలూ కూర్చోబెట్టాలనీ, కాపాడే బలగాన్ని సిద్ధం చేయించకుండా కదలకూడదనీ ఒప్పందంలో రాసుకోవాలి. భాష, రేడియోల గురించి వేరే చెప్పేదేమీ లేదు: ఆదేశాలకు ఒకే భాష, ప్రతి కంపెనీలో ఆ భాష వచ్చిన కనీసం ఇద్దరు, ఒక ఉమ్మడి ఫ్రీక్వెన్సీ, వారానికొకసారి దాని మీద నిజమైన సాధన.

వెళ్లిపోయే దారి

చివరగా రాయవలసిన అధ్యాయాన్ని చాలామంది రాయరు, ఎందుకంటే పెళ్లిపందిట్లో విడాకుల మాట ఎత్తినట్టు ఉంటుంది. ఒక దేశం తన దళాన్ని ఉపసంహరించుకోవాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, దాని సెక్టారు ఎవరు తీసుకుంటారు, వెళ్లిపోతున్న ఆఖరి కంపెనీ ఓడ ఎక్కే నిమిషం వరకు ఎవరి నియంత్రణలో ఉంటుంది అన్న మూడూ ఉండాలి. దళమే చేతులు మారేటప్పుడు పాత, కొత్త కార్యాలయాలు కొన్ని వారాలు పక్కపక్కనే పనిచేయడం మేలు. ఇంటర్‌ఫెట్ 2000 ఫిబ్రవరిలో సమితి దళానికి బాధ్యతలు ఒక్కరోజులో కాక ప్రాంతం వెంట ప్రాంతంగా అప్పగించింది.

ఆతిథ్య దేశం పొమ్మంటే ఏం చేయాలన్నది కూడా ఇక్కడే రాయాలి. 1956లో సూయెజ్ సంక్షోభం తర్వాత సినాయ్, గాజాలకు వెళ్లిన సమితి అత్యవసర దళం పదేళ్లకు పైగా అక్కడ ఉంది. దాని ఆఖరి కమాండర్ భారత మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. 1967 మే నెలలో ఈజిప్టు దళాన్ని వెళ్లిపొమ్మన్నది. దళంలో పెద్ద భాగం పంపిన భారత్, యుగోస్లావియాలు ఈజిప్టు కోరికను మన్నించడానికి సిద్ధపడడంతో ప్రధాన కార్యదర్శి ఊ థాంట్‌కు బేరమాడే చోటు మిగలలేదు. ఉపసంహరణ వారాల తరబడి సాగవలసి ఉండగా జూన్ 5న అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం మొదలైంది. అప్పటికి భారత బెటాలియన్ ఇంకా గాజాలోనే ఉంది. ఇంటికి బయలుదేరవలసిన సైనికుల్లో కొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు. ఉపసంహరణ పత్రం రాసేటప్పుడు ఓడల తేదీలతో పాటు, ఆ మధ్యకాలంలో నిరాయుధంగా మారే శిబిరాలను ఎవరు కాపాడతారో కూడా ఒక వాక్యంలో రాయించుకోండి.